వెబ్‌సైటు మనమే చేసుకుందాం, పాస్‌వర్డు మన దగ్గరే పెట్టుకుందాం

పెద్ద పోస్టు, తీరికగా చదవండి. పోయిన వారం ఒక తమ్ముడు ఇక్కడ అడిగినాడు: "మా తండాలో అద్దాల కుట్టు కుట్టే అక్కలు ఉన్నారు. వెబ్‌సైటు పెడదామంటే టౌన్లో పదిహేను వేలు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?" అని. కొందరు ఇవ్వమన్నారు. కొందరు ఇన్‌స్టా ఉంటే చాలన్నారు. మా మాట ఏందంటే, ఇవ్వొద్దు. మీరే చేయండి. రాకపోయినా మీరే చేయండి. ఊరికే అనడం లేదు. ఒకసారి దుడ్లు పోగొట్టుకొని, రెండోసారి మేమే కిందామీదా పడి చేసి, ఆ తర్వాత చెప్తున్న మాట ఇది.

మేము నలుగురం. గుత్తి వైపు తండాల పిల్లోళ్లం, అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకున్నోళ్లం. ఇద్దరు బీఏ, ఒకరు బీఎస్సీ, ఒకడు ఐటీఐ ఫిట్టరు. కోడింగ్ అనే మాట సినిమాల్లో విన్నదే.

మొదటిసారి ఏం జరిగిందో చెప్తాం. మా పొదుపు సంఘం అక్కలు తలా ఇంత వేసుకొని పన్నెండు వేలు జమ చేసి ఒకాయనకు ఇచ్చినారు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. సైటు వచ్చింది, చూడటానికి బాగానే ఉంది. అంతా ఇంగ్లీషు. మొదటి పేజీలో నవ్వుతా నిలబడిన అమ్మాయి మన అమ్మాయి కాదు, ఇంటర్నెట్లో ఎక్కడో దొరికిన ఫోటో. ఆమె కట్టుకున్న బట్ట కూడా మనది కాదు. అక్కలు ఆ ఫోటో చూసి "ఈ పాప ఎవురప్పా?" అన్నారు. మేము నవ్వి ఊరుకున్నాం. అదే మా తప్పు, అప్పుడే అడగాల్సింది. ఏడాది తిరిగేసరికి ఒక రోజు సైటు తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే రెన్యువల్‌కు ఎనిమిది వేలు అన్నాడు. రెండు నెలలకు ఆ ఫోను కూడా మోగలేదు. ఆరా తీస్తే తెలిసింది, సైటు పేరు, అంటే డొమైన్, ఆయన ఈమెయిల్ మీద కొన్నాడు. సంఘం పేరు పెట్టినాడు గానీ సంఘానికి దాని మీద హక్కు లేదు. ఆ అడ్రసుతో అచ్చు వేయించిన విజిటింగ్ కార్డులు ఐదు వందలు మిగిలిపోతే పిల్లోళ్లు వాటితో ఆడుకుంటున్నారు.

భూమి సంగతి తెలిసిన వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. దున్నేది మనం, పాసుబుక్కు ఇంకొకరి పేరు మీద. డొమైన్ అంటే పాసుబుక్కే. సైటు ఎంత అందంగా ఉందనేది తర్వాత. అది ఎవరి ఈమెయిల్ మీద ఉంది, ఆ ఈమెయిల్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది, ముందు ఈ రెండూ చూసుకోండి.

రెండోసారి గూగుల్ సైట్స్‌లో మేమే చేసినాం. జీమెయిల్ ఖాతా ఉంటే చాలు, ఉచితం. ఫోటో ఇక్కడ, రాత ఇక్కడ అని మౌస్‌తో లాగి పెట్టడమే. సంఘం కోసం కొత్త జీమెయిల్ తెరిచి, దాని మీదే డాట్ ఇన్ పేరు కొన్నాం. ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అయింది. కొనేటప్పుడు ఒకటి గమనించండి. మొదటి ఏడాది ధర పెద్దగా చూపిస్తారు, రెండో ఏడాది ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాల ధరే నిజమైన ధర. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా దొరుకుతుంది, మాకు మనసైంది గానీ బెంగళూరులో కొనేవాళ్లు తెలుగులో టైపు చేయలేరని వదిలేసినాం.

ఒక్క చోట మాత్రం ఒక పూటంతా పోయింది. కొన్న పేరును సైటుకు కలపాలంటే "సీనేమ్ రికార్డు" అనే గడిలో గూగుల్ చెప్పిన మాటను ఉన్నదున్నట్టు అతికించాలి. మేము చివర్లో ఒక ఖాళీ కూడా కలిపి అతికించినాం, అందుకే పనిచేయలేదు. సరిచేసినాక కూడా వెంటనే కనపడదు. కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు. చెడిపోయిందనుకొని మళ్లీ మళ్లీ కెలకొద్దు.

కంప్యూటర్ పని మొత్తం రెండు రాత్రులు. భయపడే తమ్ముళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. 1990ల మొదట్లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో ప్రపంచంలోనే మొదటి వెబ్ పేజీ పెట్టినాడు. అందులో ఒక్క బొమ్మ లేదు. అక్షరాలు, లింకులు, అంతే. మన ఒక్క పేజీ దానికంటే బాగానే ఉంటుంది.

అసలు కష్టం కంప్యూటర్ ముందు కాదు, తండాలో చెట్టు కింద మొదలైంది. ధర రాయాలి కదా. "ఒక సంచి కుట్టడానికి ఎన్ని రోజులు అక్కా?" అంటే ఎవరూ చెప్పలేకపోయినారు. వంట మధ్యలో, శెనక్కాయ చేనుకు పోయొచ్చి, పిల్లను పడుకోబెట్టి, ఎప్పుడు తీరితే అప్పుడు కుట్టే పని అది. నోటుపుస్తకం ఇచ్చి, కూర్చున్న ప్రతిసారీ గీత గీయమన్నాం. పదిహేను రోజులకు లెక్క తేలింది. చేతిసంచి ఒకటికి మూడు పూర్తి రోజుల పని. ఊరికి వచ్చే సేటు గుడ్డ, దారం తానే ఇచ్చి సంచికి 250 రూపాయలు కూలీ ఇస్తున్నాడు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307. మూడు రోజులకు 921. కరువు పనికి పోయి మట్టి తవ్వితే వచ్చేదాంట్లో మూడో వంతు కూడా ఈ కుట్టుకు రావడం లేదన్నమాట. అవ్వ కాలం నుంచి వచ్చిన కుట్టు ఇది, కాంచళి మీద, పేటియా మీద కళ్లు పోయేలా కుట్టిన కుట్టు.

లెక్క చదివి వినిపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక అవ్వ మాత్రం "ఇన్నాళ్లూ ఎవరికి కుట్టి పెట్టినట్టు?" అనింది. ఇంకో అక్కకు కోపం వచ్చింది, మా మీద. "మీరు ఆ ధర రాస్తే సేటు చూస్తాడు. రేపటి నుంచి రాడు. ఉన్నదీ పోతుంది. మీరు హాస్టల్‌కు పోతారు, మేము ఇక్కడే ఉండాల." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కూలీ, గుడ్డ, దారం, అద్దాలు, గవ్వలు అన్నీ కలిపి చివరికి 1,100 అని రాసినాం. ఆ అక్క ఇప్పటికీ సేటుకే కుడుతుంది. తప్పు పట్టం. ఆయన అదే రోజు రొక్కం చేతిలో పెడతాడు, సైటు ఆ పని చేయలేదు.

అందుకే మాకు అనిపించేది ఏందంటే, బయటోనికి పదిహేను వేలు ఇస్తే మీకు పేజీ వస్తుంది, ఈ పదిహేను రోజుల లెక్క రాదు. ఆ లెక్క కోసమైనా మీరే చేయాలి.

ఇంకో తప్పు చేయబోయి ఆగినాం. మాలో ఒకడు, ఎక్కువ మంది వెతికే పేరు కదా అని, పేజీ మీద "సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ" అని రాసినాడు. గుంతకల్లు దాటి బళ్లారి మీదుగా పోతే సండూరు. అక్కడోళ్లు మనోళ్లే, కర్ణాటకలో ఎస్సీ జాబితాలో ఉంటారు, మనం ఇక్కడ ఎస్టీ, అంతే తేడా. కుట్టు కూడా దగ్గరదగ్గర ఒకటే. కానీ ఆ పేరుకు 2010లో జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ ప్రాంతం వాళ్లకు చెందిన పేరు, మనం వాడకూడదు. పైగా ఆ పేరు వాళ్లకు ఊరికే రాలేదు. సండూరు కుశల కళా కేంద్రం 1988లో పెట్టుకున్నారు. ఇన్నేళ్లు పని చేసినాక, 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులు పెట్టి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారు. సేటు మన సంచికి ఊరి పేరు లేకుండా చేసినాడని ఏడ్చే మనం, ఇంకొకరి ఊరి పేరు తగిలించుకోవడం ఏం న్యాయం? ఆ లైను తీసేసి "అనంతపురం జిల్లా సుగాలీ తండాల అద్దాల కుట్టు" అని రాసినాం. వెతికితే కింద ఎక్కడో వస్తుంది. రానీ.

ఫోటోల గురించి. మన అనంతపురం మిట్టమధ్యాహ్నం ఎండలో అద్దాల బట్ట ఫోటో తీస్తే తెల్ల మచ్చలు తప్ప ఏమీ కనపడదు. ప్రతి అద్దంలో ఫోన్ పట్టుకున్న మన చెయ్యి కూడా కనపడుతుంది. పొద్దున ఎనిమిది లోపు, వేపచెట్టు నీడలో, కొంచెం పక్కనుంచి తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి, కొలత తెలుస్తుంది. ఫోన్ ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అట్లే పెడితే తండా సిగ్నల్‌లో పేజీ తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు. తగ్గించి రెండు వందల కేబీ దగ్గర పెట్టండి. రాత ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా పెట్టండి. కొనేవాళ్ల కోసం కాదు, మన పేరు మీద ఏం మాట ఇచ్చినామో కుట్టే అక్కలకు తెలియాలి కదా. మేము తెలుగు పేజీ చదివి, గోర్ బోలీలో చెప్పి, సరే అన్నాకే పెట్టినాం. "పదిరోజుల్లో పంపుతాం" అన్న లైను వాళ్లే కొట్టేయించి "ఇరవై రోజులు" చేయించినారు. చేను కోతలప్పుడు కుట్టు సాగదు.

ఆర్డరుకు డబ్బు కట్టే యంత్రాంగం ఏమీ పెట్టలేదు. వాట్సాప్ లింకు ఒకటి, అంతే. అక్కడే ఒక దెబ్బ తప్పింది. నంబరు బయట పెట్టిన మూడో వారం హిందీలో ఫోన్, "ఆర్మీ ఆఫీసర్‌ను, యాభై సంచులు కావాలి, క్యూఆర్ పంపుతున్నా, స్కాన్ చేస్తే అడ్వాన్సు పడుతుంది" అని. యాభై సంచులు అనేసరికి అక్క చెయ్యి వణికింది. అదృష్టం, మాలో ఒకడు పక్కనే ఉన్నాడు. డబ్బు రావాలంటే మనం స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోతుంది, రాదు. సైటు పెట్టే ముందు రోజే ఈ ముక్క తండాలో అందరికీ చెప్పండి. మేము తర్వాత చెప్పినాం. నంబరు కూడా ఒక అక్క సొంతది కాకుండా సంఘానికి వేరే సిమ్ తీసుకోండి. ఆ అక్క బెంగళూరుకు పనికి పోతే ఆర్డర్లు కూడా ఆమెతో పాటే పోతాయి.

ఇన్‌స్టా చాలు అనే వాళ్లకు: పెట్టండి, మేము కూడా పెట్టినాం. కానీ ఆ ఖాతా ఎప్పుడు ఎందుకు ఆగిపోతుందో మన చేతిలో ఉండదు. నిన్నటి పోస్టు రేపటికి ఎక్కడో అడుగున పడిపోతుంది. ధర, కొలత, గడువు ఒక చోట స్థిరంగా ఉండాలి. ట్రైఫెడ్ వాళ్ల ట్రైబ్స్ ఇండియాకు ఇవ్వొచ్చు కదా అనే వాళ్లకు: అది కూడా చేయండి, ఒకదానికి ఒకటి అడ్డు కాదు. మన జిల్లా ఏజెన్సీ కాదు, షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, మన దాకా ఎవరో వస్తారని కూర్చుంటే మాత్రం కుదరదు.

అందరికీ సైటు కావాలని మేము అనడం లేదు. సంతలో ఈత బుట్టలు అమ్మే ఎరుకల మామకు సైటుతో పని లేదు. కొనేవాళ్లు ఆ పక్క ఊళ్లవాళ్లే, గూగుల్ మ్యాప్‌లో పేరు, నంబరు ఉంటే ఎక్కువ. దూరం నుంచి కొనే వస్తువు, పోస్టులో పంపగలిగే వస్తువు ఉంటేనే ఇది.

ఆర్డర్లు ఎన్ని వచ్చినాయి అని అడుగుతారు. మొదటి రెండు నెలలు ఒక్కటీ లేదు. తర్వాత ఒక టీచరమ్మ నాలుగు సంచులు తీసుకునింది, స్పీడ్ పోస్టులో పంపినాం. ఆ తర్వాత నెలకు రెండో మూడో. ఎవరి జీవితం మారలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. సేటు ఈసారి వచ్చినప్పుడు సంచికి 250 కాకుండా 320 అన్నాడు. సైటు చూసినాడో, ఇంకేం కారణమో మాకు తెలియదు, ఆయన చెప్పలేదు, అక్కలు అడగలేదు.

రెన్యువల్ వచ్చే నెల. సంఘం ఖాతా నుంచే కడతామని మొన్న మీటింగులో తీర్మానం రాసినారు. జీమెయిల్‌కు టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టినప్పుడు గూగుల్ ఇచ్చిన పది బ్యాకప్ కోడ్‌లు ప్రింటు తీసి ఇచ్చినాం. ఆ కాగితం మా ఎవరి దగ్గరా లేదు. సంఘం లీడరక్క ఇంట్లో, ట్రంకు పెట్టెలో, మినిట్స్ పుస్తకంలో మడిచిపెట్టి ఉంది.