ఈ మధ్య చదివినవి

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ మళ్లీ పట్టుకున్నాను, ఒక్క బిగిన అయిపోయింది. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడు, అది ఈనిందని చూశాక దాని పిల్లల కోసం రాత్రంతా అక్కడే ఉండిపోతాడు. కథ అంతే. కానీ నక్కల అలికిడికి అతను ఊపిరి బిగబడితే నేనూ బిగబట్టాను. శ్రీపాద ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదువుతుంటే ఆ గోదావరి నుడికారం పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది.

అంబేద్కర్ కన్నుమూశాక 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ మాత్రం నెమ్మదిగా చదవాల్సిన పుస్తకం. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది రోగినీ శవాన్నీ చూసి కాదు, రోహిణీ నది నీళ్లపై శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదాలో యుద్ధం వద్దన్నందుకు అంటాడాయన. కృష్ణా నీళ్ల కోసం వాదులాడుకుంటున్న మనం ఆ అధ్యాయం తప్పక చదవాలి. మీరేం చదువుతున్నారో రాయండి.