ఫోనులో వెంటపడు ప్రకటనలు



పాట వినుటకో, వాతావరణము చూచుటకో ఫోనులో ఒక యాప్ తెరచితిమా, ముందుగా ప్రకటన వచ్చి నిలుచును. ఉచితముగా వచ్చినది గనుక భరించవలసినదే అని చాలామంది అందురు. అది కొంతమట్టుకు నిజమే. యాప్ చేసినవారికి కూలి గిట్టవలెను గదా! మనము ఇవ్వము గనుక ప్రకటనదారుడు ఇచ్చుచున్నాడు. పూర్వము మన ఊరి గోడలమీద ఎరువుల కంపెనీ పేర్లు వ్రాసినప్పుడు ఎవరును అభ్యంతరపెట్టలేదు. అయితే ఆ గోడ మన వెంట ఇంటికి రాలేదు. ఫోను వచ్చును.

ఆండ్రాయిడ్ ఫోనుకు ప్రకటనల కొరకే ఒక గుర్తింపు సంఖ్య ఉండును. ఒక యాప్‌లో ట్రాక్టరు ధర చూచితిరనుకొనండి, మరియొక యాప్‌లో ట్రాక్టరు అప్పు ప్రకటన ఎదురగుటకు ఆ సంఖ్య దారి చూపగలదు. ఇప్పటికే అప్పులలో ఉన్న ఇంటి పెద్దకు రాత్రి పదింటికి ఇంకొక అప్పు ఆశ చూపుట, ఇది మమ్మును మిక్కిలి కలవరపరచుచున్నది.

ఆ సంఖ్యను తీసివేయవచ్చును. సెట్టింగ్స్‌లో గూగుల్ అను చోట, కొన్ని ఫోనులలో ప్రైవసీ అను చోట, యాడ్స్ అని ఉండును. అందులో ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడి’ అనుదానిని నొక్కవలెను. పాత ఫోనులలో ఆ మాట లేనియెడల, పర్సనలైజేషన్ వద్దను మీట ఉండును. ఆపిల్ ఫోనులలోనైతే 2021 ఏప్రిల్ నుండి, ఇతరుల యాప్‌లలోను వెబ్‌సైట్లలోను మనలను వెంబడించదలచిన యాప్ ముందుగా మన అనుమతి అడుగవలెను. ఇదే న్యాయమైన పద్ధతి అని మా అభిప్రాయము. అడుగకుండ తీసికొని, వద్దనువాడే వెదకి చెప్పుకొనవలెననుట ఎక్కడి మర్యాద?

ఇట్లు చేసినందున ప్రకటనలు ఆగిపోవు. మనలను గురిపెట్టి వచ్చుట మాత్రము తగ్గును. బొత్తిగా వద్దనుకొంటే, యూట్యూబ్ ప్రీమియం వలె నెలనెలా డబ్బు కట్టవలెను. కలవాడు తప్పించుకొనును, లేనివాడు చూచుచుండును! వ్యాపార కాల్స్, మెసేజీల సంగతి వేరు. 1909కి ‘స్టార్ట్ 0’ అని ఇంగ్లీషు అక్షరములలో మెసేజి పంపి వాటిని వద్దనవచ్చును, అయితే యాప్‌లోని ప్రకటనలకు అది పనిచేయదు.

పిల్లల విషయము మరి ముఖ్యము. 18 ఏండ్లలోపు వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, ఈ భాగము అమలుకు 18 నెలల గడువిచ్చిరి. అయితే మన ఇండ్లలో పిల్లలకు వేరే ఫోను ఎక్కడిది? తండ్రి ఫోనులోనే బొమ్మల కథలు చూచుచుందురు. చూచుచున్నది ఎనిమిదేండ్ల బిడ్డ అని ఆ కంపెనీకి ఎట్లు తెలియును? తండ్రికి ఉద్దేశించిన అప్పు ప్రకటన బిడ్డ కండ్లముందు తిరుగును. ఇంటిలో పాత ఫోను ఒకటి మిగిలియున్నయెడల, తల్లిదండ్రుల అజమాయిషీలో ఉండునట్లు గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా బిడ్డ పేరన అకౌంటు తెరచి అందులో పెట్టండి. అట్టి అకౌంటుకు గూగుల్ గురిపెట్టిన ప్రకటనలు చూపదు.