పట్టు జారితే దెబ్బ చేతికే: వాటర్ పంప్ ప్లయర్‌ను ఎలా ఎంచుకోవాలి?

మలంచాలో మా పెరటి కుళాయి ఈ వేసవిలో కారడం మొదలుపెట్టింది. మా వీధిలోనే ఉండే ఒక కుర్రవాణ్ని పిలిచాను. ప్లంబింగ్ పని నేర్చుకుని రెండేళ్లయింది. సంచిలోంచి తళతళలాడే వాటర్ పంప్ ప్లయర్ తీసి, కుళాయి నట్టుకు పట్టించి బలంగా లాగాడు. రెండో లాగుకే ప్లయర్ గాడి తప్పింది. చేయి వెళ్లి గోడకు కొట్టుకుంది. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయింది. ఇత్తడి నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యాయి.

గాయం కడిగి గుడ్డ కడుతూ ప్లయర్ ఎప్పుడు కొన్నావని అడిగాను.

“మొన్ననే కొన్నాను మావయ్యా. బరువుగా ఉంది, మెరుస్తోంది, మంచిదే అనుకున్నాను.”

“బరువు సరే నాన్నా, పళ్లు చూశావా? కీలు చూశావా?”

“అవి చూడాలని నాకెవరూ చెప్పలేదు మావయ్యా.”

ఎవరూ చెప్పలేదన్న ఆ మాటే నన్ను ఈ వ్యాసం రాయించింది. ప్లయర్ ఎంపిక చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ రోజూ చేతులతో బతికేవాడికి అది కూలి డబ్బులకూ, వేళ్లకూ సంబంధించిన విషయం. దాని వెనక ఉన్న విజ్ఞానం హైస్కూలు పిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువు. అయినా అది అవసరమైనవాడి దాకా చేరడం లేదు.

గేటు లోపల, గేటు బయట

ఖరగ్‌పూర్ పనిముట్ల ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఇక్కడి వర్క్‌షాపు ఇంజన్లనూ పెట్టెలనూ బాగుచేస్తోంది. ఆ పనుల కోసమే ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కుటుంబాలు తరాల క్రితం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. మలంచాలో, నింపురాలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుందంటే కారణం అదే. అదే ఊళ్లో 1951లో దేశంలోని మొదటి ఐఐటీ కూడా మొదలైంది.

నేను ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పెద్ద వర్క్‌షాపుల్లో టూల్‌రూమ్ అని ఒకటుంటుంది. టోకెన్ ఇచ్చి పనిముట్టు తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. దవడలు అరిగినా, కీలు వదులైనా అక్కడివాళ్లు దాన్ని పక్కన పడేస్తారు. పనిముట్టు బాగోగులు చూడటానికి ఒక మనిషి, ఒక పద్ధతి ఉంటాయన్నమాట. గేటు దాటి బయటికొస్తే ఆ మనిషీ లేడు, ఆ పద్ధతీ లేదు. దుకాణంలో కొనేవాడే తనకు తాను ఇన్‌స్పెక్టర్ కావాలి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికైతే ఆ అవకాశం కూడా ఉండదు. కొనేది ఒకరు, పట్టుకునేది మరొకరు. తక్కువ ధర లాభం ఒకరికి, దెబ్బ మరొకరికి.

పట్టు వెనక లెక్క

మన చేతిలోని పనిముట్టు మీద పడే బలం ఎంతో చూద్దాం. అరంగుళం జీఐ పైపు అని మనం పిలిచే గొట్టం బయటి వ్యాసం నిజానికి 21.3 మిల్లీమీటర్లు. అంటే కేంద్రం నుంచి అంచుకు దూరం సుమారు 10.65 మి.మీ. ప్లయర్ పిడి చివర, కేంద్రానికి 200 మి.మీ. దూరంలో, 20 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగామనుకోండి. పైపు అంచు దగ్గర అది 20 × 200 ÷ 10.65, అంటే దాదాపు 375 కిలోల బలమవుతుంది. పైపు తిరగకుండా మొరాయిస్తే దవడలు జారకుండా అంత బలాన్నీ తట్టుకోవాలి.

ఇప్పుడు పిడులను పిండే బలం చూద్దాం. అదే 20 కిలోల బలంతో పిండితే, కీలు నుంచి చేతికున్న దూరం దవడకున్న దూరానికి ఆరు రెట్లు అనుకుంటే, దవడ మీద 120 కిలోల ఒత్తిడి పడుతుంది. నునుపైన తడి ఇనుముల మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.2 అనుకుందాం. రెండు దవడలకూ కలిపి వచ్చే పట్టు 48 కిలోలే. కావలసింది 375, ఉన్నది 48. ఎంత కండబలం ఉన్నా ఈ తేడాను పిండి పూడ్చలేం.

ఈ తేడాను పూడ్చేవి రెండు. ఒకటి, పైపులోకి కొద్దిగా దిగి కరిచే గట్టి పళ్లు. రెండోది, దవడల అమరిక. మంచి ప్లయర్‌లో పళ్లు తిప్పే దిశకు ఎదురుగా వాలి ఉంటాయి. సరైన వైపుకు తిప్పుతున్నకొద్దీ దవడలు వాటంతటవే బిగుస్తాయి. తిరగేసి పట్టి మరో వైపుకు లాగితే అదే ప్లయర్ జారుతుంది. చాలామంది పనిముట్టును తిట్టుకునేది ఇక్కడే.

ఇంత బలమూ చివరికి చేరేది కీలు దగ్గరికే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, తర్వాతి కాలంలో ఛానల్‌లాక్ అని పేరు మార్చుకున్న కంపెనీలో, హోవార్డ్ మానింగ్ అనే ఇంజనీరు 1933లో ఒక దవడకు గాడులు, మరో దవడకు వాటిలో కూర్చునే గట్టు పెట్టి ప్లయర్ రూపొందించాడు. బలాన్ని ఒక్క బోల్టు మీద వదిలేయకుండా గాడి అంచు మీదికి మళ్లించడమే అందులోని తెలివి. ఆ అంచు మెత్తటి లోహమైతే నాలుగు రోజుల్లో గుండ్రమవుతుంది. మా కుర్రవాడి ప్లయర్‌కు జరిగింది అదే.

దుకాణంలో ఏం చూడాలి?

మొదట కీలు. రెండు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని బోల్టుతో కలిసే రకం చవక. ఒక ముక్క మరో ముక్క మధ్యలోని చీలిక గుండా దూరి వెళ్లే రకాన్ని బాక్స్ జాయింట్ అంటారు. అందులో కీలుకు రెండు వైపులా ఆధారం ఉంటుంది కాబట్టి బలం పడినప్పుడు దవడలు పక్కకు మెలితిరగవు. ఏ రకమైనా పిడులను అటూ ఇటూ పక్కలకు కదిపి చూడండి. సులువుగా కదలాలి కానీ గలగలలాడకూడదు.

రెండోది దవడలు. మూసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఒక వైపు ఎక్కువ సందు, మరో వైపు తక్కువ సందు కనిపిస్తే పక్కన పెట్టేయండి. పళ్లు పదునుగా, ఒకే ఎత్తులో ఉండాలి. పైన వేసిన పూత పళ్ల మధ్య గడ్డకట్టి ఉంటే అది కరవదు.

మూడోది ఉక్కు. క్రోమ్ వెనేడియం ఉక్కును సమ్మెటపోటుతో సాగగొట్టి, కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిమీద పదును సరిచేసి చేసినది మేలు. ఒళ్లంతా పళ్లంత గట్టిగా ఉంటే పెళుసెక్కి విరుగుతుంది. ఒళ్లంత మెత్తగా పళ్లూ ఉంటే అరుగుతాయి. అందుకే మంచి తయారీదారులు పళ్లను మాత్రం విడిగా ఇంకా గట్టిపరుస్తారు. కంటికి ఇది కనిపించదు. పోతపోసిన దాని మీద గరుకు, చిన్న చిన్న గుంటలు మాత్రం కనిపిస్తాయి. బరువు, మెరుపు నాణ్యతకు గుర్తులు కావు. పోత ఇనుమూ బరువే, నికెల్ పూత దేనిమీదైనా మెరుస్తుంది.

నాలుగోది పిడుల మధ్య సందు. దవడలు పూర్తిగా మూసినప్పుడు కూడా పిడుల మధ్య వేళ్లు నలగనంత ఖాళీ ఉండాలి. పిడుల మీది ప్లాస్టిక్ తొడుగు పట్టు కోసమే, కరెంటు నుంచి కాపాడదు. దానికి 1000 వోల్టుల గుర్తు ఉన్న ప్రత్యేక పనిముట్లు వేరే ఉంటాయి.

ఇక గుర్తులు. కటింగ్ ప్లయర్లకు ఐఎస్ 3650, పైపు రెంచ్‌లకు ఐఎస్ 4003 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. వాటర్ పంప్ ప్లయర్ల కొలతలకూ పరీక్షలకూ ఐఎస్‌ఓ 8976 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్‌ఐ గుర్తు కనిపిస్తే దాని కింది లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. ఇంటికీ, మామూలు పనికీ 250 మి.మీ. సైజు చాలు.

అన్ని పనులకూ అదే కాదు

ఎంత మంచి ప్లయరైనా ఇత్తడి నట్టు మీద పళ్లు దించితే మూలలు పోతాయి. నట్టుకు సరైన సైజు స్పానర్ గానీ స్క్రూ స్పానర్ గానీ వాడాలి. తుప్పు పట్టి బిగుసుకున్న జీఐ పైపుకు పైపు రెంచ్ కావాలి. ప్లాస్టిక్ పైపు ఫిట్టింగులను చేత్తో బిగించి, ఆపైన కొద్దిగా మాత్రమే తిప్పాలి. ప్లయర్‌తో బలవంతం చేస్తే పగులుతాయి. మా కుర్రవాడి ప్లయర్ మంచిదే అయినా నా కుళాయి నట్టుకు అది సరైన పనిముట్టు కాదు. ఆ తప్పులో సగం నాది. పక్కనే కూర్చుని చూస్తూ ముందే చెప్పలేదు.

ఖరీదైనది కొనమంటే రోజుకూలీకి కుదురుతుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను విదేశీ సరుకు కొనమనడం లేదు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచిది వస్తుందనీ అనడం లేదు. అదే ధరలో ఉన్న నాలుగింటిలో మంచిదాన్ని ఏరుకోవడానికి పైసా ఖర్చు లేదు, కళ్లూ చేతులూ చాలు. ఏడాదికి మూడు చవక ప్లయర్లు మార్చేవాడు లెక్క రాసుకుంటే, ఒక మంచిదాని ధర ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందులో గాయపడి పని పోగొట్టుకున్న రోజుల కూలి కలపనేలేదు.

చేయాల్సినవి మూడే. గోల్‌బజార్‌లో అయినా, మీ ఊరి బజారులో అయినా, పనిముట్లు అమ్మే దుకాణంలో బల్లకు ఒక అరంగుళం పైపు ముక్క బిగించి ఉంచాలి. కొనేవాడు ప్లయర్ పట్టించి, గట్టిగా పిండకుండా తిప్పే బలం మాత్రమే ఇచ్చి, అది నిలుస్తుందో జారుతుందో చూసుకుంటాడు. ఐటీఐల్లో పనిముట్టు వాడటంతో పాటు ఎంచుకోవడం, పారేయడం ఎప్పుడో కూడా ఒక పాఠంగా చెప్పాలి. కాంట్రాక్టర్లు పనివాడికి ఇచ్చే పనిముట్టును హెల్మెట్‌లాగే భద్రతా సామగ్రిగా లెక్కించాలి.

నాలాంటి రిటైరైన ఫిట్టర్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు. టూల్‌రూమ్ మనిషి చేసే పని మేం గేటు బయట చేయవచ్చు. గాయం మానాక మా కుర్రవాడితో కలిసి దుకాణానికి వెళ్లాను. ఐదు ప్లయర్లు తీసి చూశాడు. నాలుగు పక్కన పెట్టాడు. నేను నోరు విప్పలేదు.