ఇంటి పటము – ఇల్లాలి సంతకము



ఇల్లు కట్టునప్పుడు ఆడువారిని అడుగు ప్రశ్న మన దేశమున ఒక్కటియే. "పొయ్యి యే మూల నుండవలెను?" అని అడుగుదురు. ఆగ్నేయమని మనము చెప్పుదుము. అంతటితో మన పని తీరిపోవును. స్థలము కొనుట, దస్తావేజు వ్రాయించుట, మేస్త్రీతో బేరమాడుట, కచ్చేరీకి కాగితములు పంపుట మున్నగునవన్నియు మగవారి పనులని మనమే విడిచిపెట్టితిమి.

కాని యిప్పుడు కాగితములపై మన పేరే యుండుట పరిపాటి యగుచున్నది. 2024 మార్చి 11వ తేదీన ఇందిరమ్మ ఇండ్ల పథకమును ప్రభుత్వమువారు మన భద్రాచలముననే ప్రారంభించిరి. కనీసము 400 చదరపు అడుగుల యిల్లు, దానికి 5 లక్షల రూపాయల సాయము, ఆ యిల్లు ఇల్లాలి పేరనే యుండవలెనను నియమము ఆనాడు ప్రకటింపబడినవి. స్వంత ధనముతో కట్టుకొనువారును స్థలమును భార్య పేరనే రిజిస్టరు చేయించుట మన వీధులలో చూచుచున్నాము. పేరు మనది, సంతకము మనది. అట్టి సంతకమునకు పైన నున్న పటమును చదువకుండుట తగునా? ఈ మాసము దీనినే ముచ్చటింతము.

మా ప్రక్కయింటి సోదరి యొకతె యీ నడుమ నన్నిట్లడిగినది. "వదినా, నేల మాది, డబ్బు మాది. మా యిల్లు మేము కట్టుకొనుటకు నగరపాలక సంస్థవారి సెలవెందుకు?" ప్రశ్న న్యాయమైనదే. ఇల్లు మనదే కాని, మన పంచ నుండి జారు వాన నీరు మన యింట నిలువదు, వీధిలోనికి పోవును. మన వంటింట నిప్పు పుట్టినచో ప్రక్కయింటి చూరు నంటును. మన గోడ పొడుగైనచో పొరుగువారి కిటికీకి వెలుగు తగ్గును. మన మెట్లు వీధిలోనికి వచ్చినచో పురిటి నొప్పులు పడు స్త్రీని తీసికొనిపోవు వాహనము మలుపు తిరుగజాలదు. ఇల్లు కట్టువారు తమ యింటిని మాత్రమే చూతురు. వీధినంతను ఒక్క పటముగా చూచువా రొకరుండవలెను. ఆ చూపునకే అనుమతి యని పేరు.

కట్టడమును పరీక్షించుట మన పెద్దలకు క్రొత్త కాదు. భారతమున పాండవులు వారణావతమునకు పోయినప్పుడు పురోచనుడు చక్కని యిల్లు చూపించెను. ధర్మరాజు గోడల సొగసునకు మురియక, నేయి, లక్కల వాసనను బట్టి అది అగ్నిగృహమని గ్రహించి భీమునకు చెప్పెను. విదురుడు పంపిన ఖనకుడు సొరంగము త్రవ్వి వెలుపలికి దారి చేసెను. ఏ వస్తువుతో కట్టిరి, ఆపద వచ్చినప్పుడు ఏ దారిన బయటపడవలెను అను రెండు ప్రశ్నలే ఆనాడు కుంతీదేవి బిడ్డలను కాపాడినవి. నేటి కచ్చేరీలును ఆ రెండు ప్రశ్నలను విడువలేదు.

సెలవు లేని కట్టడమన్నచో మన ప్రాంతపు కథ యొకటి అందరికిని జ్ఞాపకము వచ్చును. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న ప్రభువు సెలవు లేకయే సర్కారు పైకముతో భద్రాద్రి రాముని కోవెల కట్టించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లుండెనని ప్రతీతి. ఆయనను విడిపించుటకు రామలక్ష్మణులే తానీషా యొద్దకు పోయి పైకము చెల్లించిరందురు. మన మేడలకు అట్టి పూచీదారులు దొరకరు. కావున ముందుగా సెలవు పొందుటయే మేలు.

ఇక పరీక్ష యెట్లు జరుగునో చూతము. ఖమ్మము 2012లో నగరపాలక సంస్థ యైనది. చుట్టుప్రక్కల ప్రాంతమునకు 2017లో స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినది. పటము చూచువారు ముఖ్యముగా నాలుగు విషయములు విచారింతురు. స్థలము దరఖాస్తు చేసినవారిదేనా? ఎదుటి దారి వెడల్పెంత? ఇంటి చుట్టును విడిచిన ఖాళీ, ఇంటి యెత్తు నియమమునకు లోబడియున్నవా? స్థలము చెరువు శిఖములోనో వాగు గట్టుననో లేదు కదా? పెద్ద కట్టడములకు అగ్నిమాపక శాఖ మొదలగువారి సమ్మతియు కావలెను.

పూర్వము ఈ విచారణ యంతయు ముగిసిన పిమ్మటనే అనుమతి వచ్చెడిది. దరఖాస్తుదారు నెలల తరబడి తిరుగవలసి వచ్చెడిది. 2020లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టము ఈ క్రమమును తలక్రిందులు చేసినది. ఆ యేడు నవంబరున 'టీఎస్ బీపాస్' అను పేర అది పట్టణములలో అమలునకు వచ్చినది. దాని ప్రకారము 75 చదరపు గజముల లోపు స్థలమున 7 మీటర్లకు మించని చిన్న యింటికి అనుమతియే అక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలును. అంతకు మించి సుమారు 600 గజముల వరకు, 10 మీటర్ల యెత్తు లోపల కట్టు నివాసములకు యజమాని స్వయముగా ధ్రువపరచినచో వెంటనే అనుమతి. దానికి మించినవానికి 21 దినముల గడువు. ఆ లోపల అధికారులు ఏమియు చెప్పనిచో అనుమతి వచ్చినట్లే లెక్క. 2025లో 'బిల్డ్ నౌ' అను ఏర్పాటు హైదరాబాదున మొదలై, పటములను యంత్రమే సరిచూచు పద్ధతియు వచ్చినది.

ఇది పేదవారికి మేలైన మార్పే. కాని దీనిలోని మర్మమును గమనింపుడు. సర్కారువారు మన మాటను ముందుగా నమ్మి, తరువాత వచ్చి చూతురు. ఆ మాట తప్పని తేలినచో నోటీసు లేకయే కూల్చు అధికారమును ఆ చట్టమే యిచ్చినది. అనగా పరీక్షాధికారి కుర్చీ కచ్చేరీ నుండి కదలి మన వాకిట వచ్చి నిలిచినది. పటమున తప్పున్నదేమో మొట్టమొదట చూడవలసినవారు సంతకము చేయువారే.

పైన చెప్పిన సోదరి విషయమే వినుడు. ఆమె స్థలము 180 గజములు. పటము వ్రాసినవాడు ఎదుటి దారి 30 అడుగులని వ్రాసి, సంతకము చేయుడని తెచ్చెను. ఆమె కొడుకు చేత టేపు పట్టించి కొలిపించగా దారి 18 అడుగులే యున్నది! "అందరును ఇట్లే వ్రాయుదురు లెండమ్మా" అని వాడనెను. "అందరి యిండ్లును నా పేర లేవు గదా" అని ఆమె కలము క్రింద పెట్టినది. పటము తిరిగి వ్రాయబడినది. వీధి కొరకు కొంత నేల విడువవలసి వచ్చి ముందు గది తగ్గిపోయినది. ఆ గది కొరకు ఆమె కన్నీరు పెట్టిన మాట నిజము. కాని యేండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కట్టిన గోడ యెప్పుడు పడగొట్టుదురో యను భయమిప్పుడు లేదు.

దారి కంటెను ముఖ్యమైనది నీరు. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము కాలనీలలో ఎన్ని వంటిండ్లు మునిగినవో మన మెరుగుదుము. బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకములు, పట్టాకాగితములు బురదలో కలిసినవి. నదికి తన దారి జ్ఞాపకముండును. మరచువారము మనమే. 2012 నాటి భవన నిర్మాణ నియమములు ఈ సంగతినే లెక్కలలో చెప్పినవి. పట్టణ పరిధిలో నది హద్దు నుండి 50 మీటర్లు, పట్టణము వెలుపల 100 మీటర్లు, 10 హెక్టారులు మొదలు పెద్ద చెరువుల పూర్తి నీటిమట్టము నుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు విడువవలెనని ఏర్పరచిరి. చవుకగా వచ్చుచున్నదని వాగు ప్రక్క స్థలము కొనుటకు ముందు, ఆ హద్దు ఎంత దూరమున నున్నదో నీటిపారుదల శాఖవారిని, రెవెన్యూవారిని అడుగుట మంచిది. ఆ యూరి వృద్ధురాండ్రనుకూడ అడుగుడు. ఏ యేట నీరు ఏ గుమ్మము దాక వచ్చెనో వారి నోట నున్నంతగా ఏ కాగితమునందును ఉండదు.

ఖమ్మము విడిచి అడవి దారిని భద్రాచలము చేరినచో విధానము మారును. అది ఏజెన్సీ ప్రాంతము. 1970 నాటి భూబదలాయింపు నిబంధన వలన అచ్చట గిరిజనేతరులకు స్థిరాస్తి బదిలీ చేయుట చెల్లదు. గిరిజనుల నేల వారికే నిలువవలెనని చేసిన కట్టుబాటిది. దానిని తప్పించి తెల్లకాగితముపై కొన్న స్థలమునకు ఎంత అందమైన పటము గీయించినను పునాది లేనట్లే. రాజ్యాంగము 243 జెడ్‌సీ అధికరణము ప్రకారము, పార్లమెంటు చట్టము చేయనిదే షెడ్యూలు ప్రాంతములకు పురపాలక వ్యవస్థ వర్తింపదు. అందుచేతనే అంతటి పుణ్యక్షేత్రమును, అంత జనసంఖ్య గల యూరును గ్రామపంచాయతీగానే యుండెను. పంచాయతీ కచ్చేరీలో నగరమునందువలె పట్టణ ప్రణాళికా విభాగము గాని, వరుసగా ఇంజనీర్లు గాని యుండరు. యాత్రికుల కొరకు అంతస్తులు మాత్రము పెరుగుచునే యున్నవి.

ఆ యూరికి గోదావరియే పెద్ద పరీక్షాధికారి. నీటిమట్టము 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టున 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటి పారినది. ఇక 2025 మార్చి 26వ తేదీన అచ్చట కట్టుచున్న పలు అంతస్తుల భవనము కూలి ఇద్దరు పనివారు మరణించిరి. ఆనాడు వరద లేదు, గాలివాన లేదు. వారి యిండ్లలోను మనవంటి ఆడువారే యున్నారు. ఉదయము సద్ది కట్టి పంపినవారు సాయంకాలము శిథిలముల యెదుట నిలుచుండవలసి వచ్చినది. పునాది ఎన్ని అంతస్తులను మోయునో లెక్క కట్టించుట కాగితపు తంతు కాదని దీని తరువాత నైనను మనము గ్రహింపవలదా?

కావున సంతకమునకు ముందు ఈ పనులు చేయుడు. దస్తావేజులోని నాలుగు హద్దులను స్థలమునకు పోయి చూచుకొనుడు. దారిని, స్థలమును టేపుతో కొలిచి పటములోని అంకెలతో సరిపోల్చుడు. చుట్టును విడువవలసిన ఖాళీ ఎంతయో, వాన నీటి యింకుడుగుంత యెచ్చటనో చూపుమనుడు. పైకి మరియొక అంతస్తు వేయ దలచినచో ఆ సంగతి పునాది వేయునాడే లైసెన్సుగల ఇంజనీరుతో చెప్పుడు. నియమములు అప్పుడప్పుడు మారుచుండును గనుక కట్టు నాటికి అమలులో నున్నది కచ్చేరీలోనే తెలిసికొనుడు. పటము ప్రతి యొకటి, రసీదు లొక కట్టగా బీరువాలో మీ యొద్దనే యుంచుకొనుడు.

అరువది గజముల స్థలమున రెండు గదులు వేసికొను పేదరాలికి ఇన్ని నియమములా యని కొంద రందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అందుకే చిన్న యిండ్లకు చట్టము సడలింపు నిచ్చినది. కాని వరద నీరు గజములు లెక్క పెట్టి రాదు. గోడ కూలినచో మరల కట్టుకొను శక్తి ధనవంతునకున్నది, పేదరాలికి లేదు. జాగ్రత్త ఎక్కువగా కావలసినది ఆమెకే.

పప్పులో రాళ్లేరక యెసట పోయని వారము మనము. చీర కొనునప్పుడు రెండు కొంగులును విప్పి చూతుము. జీవితకాలపు సొమ్ము పోయు ఇంటి పటమునుకూడ ఒక్కసారి నేలపై పరచి, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, గది గదియు వ్రేలితో చూపుచు చదువుడు. అర్థము కానిచోట సిగ్గుపడక అడుగుడు. సమాధానము వచ్చువరకు కలము పట్టకుడు.