పాపాయికి పత్తి పువ్వు వేషం

నవంబరు నెల దగ్గరపడుతున్నదంటే చాలు, చిన్న పిల్లలున్న ఇళ్ళలో ఒక కొత్త చింత మొదలవుతుంది. 14వ తేదీ నెహ్రూగారి పుట్టినరోజు, బాలల దినం. ఆ రోజు బడిలో విచిత్ర వేషధారణ పోటీ. పాపాయి సంచిలోంచి చీటీ తీసి ఇస్తుంది: "మీ అమ్మాయికి పువ్వు వేషం వేసి పంపగలరు." ఇక తల్లికి నిద్ర పట్టదు.

చిలకలూరిపేట నుంచి ఒక సోదరి ఇదే విషయం రాశారు. "వేషాలు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్ళి చూశాను. గులాబీ, తామర, పొద్దుతిరుగుడు వున్నాయి. అన్నీ నైలాను గుడ్డలే. గంటసేపటికి ఇచ్చే అద్దె చూస్తే పాపకు పండుగ గౌను వచ్చేలా వున్నది. పైగా కిందటేడు అద్దెకు తెచ్చిన వేషం మెడ దగ్గర గీరుకుని పాప వేదిక మీదే ఏడ్చింది. ఇంట్లో తేలికగా చేసుకునే పువ్వు ఏదైనా వుంటే చెప్పండి" అని ఆవిడ కోరిక.

ఎందుకు లేదు? ఆవిడ ఊరి నుంచి ఏ దిక్కుకు బస్సెక్కినా కిటికీలోంచి కనిపించే పువ్వే వున్నది. పర్చూరు, ఇంకొల్లు వైపు వెళ్ళండి, నరసరావుపేట, సత్తెనపల్లి వైపు వెళ్ళండి, నల్లరేగడి చేలల్లో పత్తి పూసి వుంటుంది. మన పిల్లలు గులాబీలుగా, తామరలుగా వేదిక ఎక్కుతారు. ఊరందరికీ అన్నం పెట్టే పత్తి పువ్వుగా ఎక్కిన పిల్లను మాత్రం నేనింతవరకు చూడలేదు. ఈసారి ఆ ముచ్చట తీర్చుకుందాం.

రెండు రోజుల పువ్వు, రెండు రంగుల పువ్వు

కుట్టే ముందు పువ్వును ఒకసారి బాగా చూడాలి. పత్తి పువ్వుకు అయిదు రేకులు. ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కి, కొంచెం మెలి తిరిగినట్లుంటాయి. అడుగున మూడు ఆకుపచ్చ రేకులు. వాటి అంచులు పీలికలు పీలికలుగా చీలి వుంటాయి. ఇంకా విచ్చని మొగ్గను ఆ మూడూ బుట్టలా మూసి వుంచుతాయి. దాన్నే మన రైతులు "గూడ" అంటారు.

అసలు వింత రంగులో వున్నది. ఇప్పుడు ఎక్కువగా వేసే పత్తి పువ్వు పొద్దున విచ్చుకునేటప్పుడు మీగడ రంగులో వుంటుంది. సాయంకాలానికి చెక్కిళ్ళు ఎర్రబడినట్లు రంగు తిరుగుతుంది. మరునాటికి గులాబీ రంగుకు వస్తుంది. ఆ తరువాత వాడి రాలిపోతుంది. రాలిన చోట చిన్న కాయ మిగులుతుంది. సుమారు ఏడెనిమిది వారాలకు ఆ కాయ పగిలి తెల్లని పత్తి బయటపడుతుంది.

మన వేషం కూడా అలాగే రంగు మారితే ఎంత బాగుంటుంది! ఏమీ కష్టం లేదు. రేకులకు ఒక వైపు మీగడ రంగు, రెండో వైపు గులాబీ రంగు గుడ్డ వేస్తే సరి. తిరగేసి కడితే రెండో రోజు వచ్చేస్తుంది.

కావలసినవి

ఒక పాత తెల్ల నూలు పంచెలో సగం, గులాబీ రంగు పాత లంగా ఒకటి, అరగజం ఆకుపచ్చ గుడ్డ, దర్జీ దగ్గర దొరికే బక్రం ముక్క, పసుపుపచ్చ ఉలెన్ దారం కొంచెం. పాపకున్న ఆకుపచ్చ గౌను ఏదైనా సరే. ఆకుపచ్చది లేకపోతే తెల్ల గౌనయినా చాలును. గుడ్డలన్నీ పాత నూలువే కావాలి. పదేపదే ఉతికిన పంచె మెత్తదనం ఏ కొత్త గుడ్డకూ రాదు, పిల్ల ఒంటికి గుచ్చుకోదు.

ముందు పంచెకు రంగు వేయండి. అరబకెట్టు నీళ్ళలో అర చెంచా పసుపు కలిపి, గుడ్డను ముంచి తీసి, నీడన ఆరవేయండి. లేత మీగడ రంగు వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ గుడ్డకు సబ్బు తగలనివ్వకండి. పసుపూ సున్నమూ కలిపితే పారాణి అయినట్లే, పసుపు గుడ్డకు సబ్బు తగిలితే ఎర్రని మచ్చలు పడతాయి.

కత్తిరింపు, కుట్టు

ఈ కొలతలు అయిదారేళ్ళ పిల్లకు. పెద్ద పిల్లయితే రెండంగుళాలు పెంచుకోండి.

ఒక పాత వార్తాపత్రిక మీద రేకు గీయండి. పొడవు 10 అంగుళాలు, పైన మెడ దగ్గర వెడల్పు 4 అంగుళాలు, కింద గుండ్రంగా విచ్చుకునే చోట 9 అంగుళాలు. కుట్టుకు చుట్టూ అర అంగుళం వదిలి, మీగడ రంగులో అయిదు, గులాబీ రంగులో అయిదు కత్తిరించండి. ఒక్కొక్క జత మంచి వైపులు లోపలికి పెట్టి, మెడ వైపు వదిలేసి మిగతా అంచు కుట్టి, దిండు గలీబులా తిరగేయండి. లోపలికి రేకు ఆకారంలో కొంచెం చిన్నదిగా కత్తిరించిన బక్రం దూర్చండి. బక్రం దొరకకపోతే కుట్టిన తరువాత చిక్కని గంజిలో ముంచి, సగం ఆరినప్పుడే ఇస్త్రీ చేయండి. మన అమ్మమ్మలు పంచెలను నిలబెట్టింది ఆ గంజితోనే కదా!

ఇప్పుడు పట్టీ. 36 అంగుళాల పొడవు, మడిచి కుట్టగా ఒక అంగుళం వెడల్పు వుండాలి. అటూ ఇటూ పదేసి అంగుళాలు నాడాలకు వదిలి, మధ్యనున్న 16 అంగుళాలలో అయిదు రేకులూ వరుసగా పెట్టండి. ఒక్కొక్కటి పక్కదాని మీదకు ఒక అంగుళం ఎక్కాలి. లెక్క సరిగ్గా సరిపోతుంది. పట్టీ మడతలో రేకుల అంచులు దాగేలా కుట్టండి. మిషను లేకపోతే చేత్తో కుట్టినా రెండు సాయంకాలాల పని.

ఆకుపచ్చ రేకులు మూడు. ఒక్కొక్కటి 13 అంగుళాల పొడవు, పైన 6 అంగుళాల వెడల్పు. కింది అంచులను వేలెడు పొడవున పీలికలుగా కత్తిరించండి. వీటిని గౌను మెడకు పలచగా టాకా వేయండి. పువ్వు రేకుల కింద నుంచి మూడంగుళాలు బయటికి తొంగిచూస్తాయి.

పుప్పొడి కోసం పసుపుపచ్చ ఉలెన్ దారంతో ఏడెనిమిది చిన్న బంతులు చేసి, ఒక రిబ్బనుకు కుట్టి తలకు కట్టండి. అట్ట కిరీటాలు, తీగెలు వద్దు. తీగె కొస ఎప్పుడు బయటికి వస్తుందో తెలియదు, పక్కపిల్ల కంటికి ప్రమాదం.

నాడాలు వెనుక వైపు ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి. మెడకూ పట్టీకీ మధ్య మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. పిన్నీసులు వాడకండి. ఇంకొక మాట, పిల్ల ఎవరి సాయమూ లేకుండా దొడ్డికి వెళ్ళి రాగలగాలి. అద్దె వేషాలు చాలావాటిలో ఈ ఏర్పాటు వుండదు. పాపం, పిల్లలు చెప్పలేక వూరుకుంటారు.

తమ్ముడికి కూడా

అక్క పువ్వయితే తమ్ముడు వూరుకుంటాడా? వాణ్ణి తేనెటీగను చేయండి. పసుపు చొక్కాకు నల్ల గుడ్డ పట్టీలు టాకా వేస్తే చాలు. వాడు పువ్వు చుట్టూ ఒకసారి తిరిగి, వెనుకకు వెళ్ళి ముడి లాగుతాడు. అక్కడే నిలబడ్డ టీచరుగారు రేకులను తిరగేసి కడతారు. అక్క ఇటు తిరిగేసరికి గులాబీ రంగు! చప్పట్లు మోగకపోతే నన్నడగండి.

ఇంకా చిన్న పిల్లవాడుంటే మిరప పువ్వు టోపీ కుట్టండి. మిరప పువ్వు చిన్నది, తెల్లది, తల వంచుకుని వేలాడుతుంది. అందుకే టోపీకి చక్కగా కుదురుతుంది. పాత టోపీ అంచు చుట్టూ మొన తేలిన తెల్ల రేకులు అయిదో ఆరో వేలాడదీయండి. నెత్తిన ఆకుపచ్చ గుడ్డను చుట్టి తొడిమ పెట్టండి.

అయితే అందంగా వుంటుందని నిజమైన ఎండుమిరపకాయల దండ మాత్రం వేయకండి. కల్లాల్లో పనిచేసేవారికి ఆ మంట సంగతి తెలుసు. పిల్ల ఆ చేత్తో కన్ను నలిపితే పోటీ సంగతి దేవుడెరుగు, ఇల్లంతా గోల. కాయలు ఎర్రగుడ్డతోనే చేయండి. ఎప్పుడైనా చేతులకు మిరప మంట పట్టితే ముందు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగండి. ఉత్త నీళ్ళతో అది పోదు. అలాగే చేలో పూలు కోసుకొచ్చి వేషానికి గుచ్చడం కూడా వద్దు. పురుగుమందు ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. గౌనుకు దూది అంటించే ఆలోచన వుంటే అదీ మానండి. వేదిక మీద దీపం వెలిగిస్తారు, దూదికి నిప్పు అంటుకోవడం క్షణం పని.

ఒక్క కత్తిరింపు, అయిదు పూలు

ఈ కాగితం నమూనాను పారవేయకుండా దాచుకోండి. పత్తి, బెండ, గోంగూర, మందార, గంగరావి, ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. అన్నిటికీ అయిదేసి రేకులే. లేత పసుపు రేకులకు మెడ దగ్గర ముదురు ఎరుపు ముక్క వేస్తే బెండ పువ్వు, గోంగూర పువ్వు అయిపోతాయి. అంతా ఎర్రగుడ్డ అయితే మందారం. గంగరావి పువ్వు కూడా పొద్దున పసుపుగా వుండి తరువాత ఎరుపుకు తిరుగుతుంది గనుక మన తిరగేసే పద్ధతి దానికీ పనికివస్తుంది. ఒక తరగతిలో అయిదుగురు తల్లులు కలిసి కుట్టుకుంటే ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు అయిదుగురు వేదిక మీద నిలబడతారు. గోంగూర పచ్చడి తినే గుంటూరు పిల్లలలో గోంగూర పువ్వు ఎలా వుంటుందో ఎందరికి తెలుసునో ఒకసారి అడిగి చూడండి!

పాప ఏమి చెప్పాలి?

వేషం ఎంత బాగున్నా, నోట మాట లేకపోతే వెలితే. నాలుగు మాటలు చాలు: "నేను పత్తి పువ్వును. ఇవాళ మీగడ రంగు, రేపు గులాబీ రంగు. ఎల్లుండికి రాలిపోతాను. కాని నా వెనుక కాయ వుంటుంది. మీరు కట్టుకున్న నూలు బట్ట అందులోదే." చివరి మాటకు దోసిట్లో శుభ్రమైన దూది ఉండ చూపిస్తే సరి.

ఈ పువ్వుకు ఇంకొక కథ కూడా వున్నది. దాన్ని పెద్దవాళ్ళం మనం తెలుసుకోవాలి. 1970లో గుజరాతులోని సూరతు పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 అనే సంకర పత్తి వచ్చింది. ప్రపంచంలో రైతుల చేలకు చేరిన మొదటి సంకర పత్తి అదే. అటువంటి విత్తనం తయారు కావాలంటే యంత్రం పనికిరాదు, వేళ్ళు కావాలి. సాయంకాలం మొగ్గ విప్పి కేసరాలు తీసివేయాలి. మరునాడు పొద్దున మరో మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. చేలల్లో దీన్ని "క్రాసింగ్" అంటారు. 1990లలో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తనపు చేలల్లో ఈ పనికి వేలాది మంది చిన్న పిల్లలను పెట్టారని, వారిలో ఎక్కువ మంది ఆడపిల్లలేనని పరిశీలకులు రాశారు. చిన్న వేళ్ళు, తక్కువ కూలి. మన పాప పువ్వు వేషం వేసుకునే వయసుకు నాలుగైదేళ్ళు పెద్ద పిల్లలు, బడి మాని, పువ్వు తరువాత పువ్వును ముట్టుకుంటూ పొద్దు గడిపారు.

ఇదంతా పాపకు చెప్పి ఏడిపించమని కాదు. కాని మీ పాప తరగతిలోనే పత్తి తీతకూ, మిరప కోతకూ వెళ్ళే తల్లుల పిల్లలు కూర్చుని వుంటారు. పోటీ అన్నరోజున సాధారణంగా రాకుండా వుండిపోయేది వాళ్ళే. అద్దె ఇచ్చుకోలేక, అడగలేక. ఈ పువ్వుకు అద్దె లేదు. మీ ఇంట మిగిలిన పాత గుడ్డతో రెండో పువ్వు కూడా కుట్టవచ్చును. దానం చేస్తున్నట్లు ఇవ్వకండి. ఆ పిల్లను పిలిచి, "అమ్మా, గూడ ఎలా వుంటుందో మా పాపకు చెప్పవూ?" అని అడగండి. తరగతిలో ఈ పువ్వు గురించి అందరికంటె ఎక్కువ తెలిసింది ఆ పిల్లకే. ఆకుపచ్చ రేకుల పీలికలు ఎంత పొడవుండాలో మీ కత్తెరను సరిదిద్దేది కూడా ఆ పిల్లే కావచ్చును.

బహుమతి ఎవరికి వచ్చినా సరే. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే అది పత్తి చేను అవుతుంది. ఒక్కతే నిలబడితే ఉత్త పువ్వు.

పోటీ అయిపోయాక రేకులను విప్పకుండా మడిచి, నాలుగు వేపాకులు వేసి పెట్టెలో పెట్టండి. సంక్రాంతి గొబ్బిళ్ళకు మళ్ళీ పనికివస్తుంది. కుట్టడంలో ఎక్కడైనా సందేహం వస్తే తప్పకుండా రాయండి. పాప వయసూ, మెడ కొలతా రాయడం మరచిపోవద్దు.