రంగు మార్చుటే రక్షణయా?



గతవారం మా మేనల్లుడు భీమ్‌గల్ వచ్చి, రేకుల షెడ్డులోని మా అంబాసిడరు చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేసి, "మామా, గీ పాత రంగేంది? నాలుగు రోజులియ్యి, కొత్త పెండ్లికొడుకు లెక్క చేపిస్త" అన్నాడు. వాని ప్రేమను శంకించను. వాదాన్ని మాత్రం ఖండించక తప్పదు.

అది మా మామగారు 1974లో కొన్న మార్క్ 2. హిందుస్థాన్ మోటార్స్ వారు 2014లో అంబాసిడరు ఉత్పత్తినే నిలిపివేశారు. ఇక మిగిలినవే మిగిలినవి.

ముప్పై ఏండ్లు పద్యం చెప్పినవాడిని గనుక నాకు తోచే పోలిక ఇది. తాళపత్రంలో అక్షరం శిథిలమైతే మంచి లేఖకుడు అక్కడ ఖాళీ వదులుతాడు. అతితెలివి లేఖకుడు తనకు తోచిన పదం పూరిస్తాడు. ఆపైన కవి మాట ఎవరికీ దొరకదు. బాగున్న పాత రంగును గీకించి కొత్తది కొట్టించేవాడు ఈ రెండవ లేఖకుడు.

"కొత్త రంగు ఇనుముకు రక్షణ కాదా?" అందురు. తుప్పు తింటున్నచోట అవును, అక్కడ నాకు తగాదా లేదు. ఎండకు వెలిసినంత మాత్రాన కాదు. ఆనాటి సాదా రంగుల మీద నేటి కార్లకున్న పారదర్శకపు పూత ఉండదు. రబ్బింగ్ కాంపౌండుతో తోమితే వచ్చే మెరుపు, రంగును అరగదీసి తెచ్చిన మెరుపు! గుడ్డకంటినది మురికి అని మురుస్తాము; అది కారు రంగే. ఏడేండ్ల క్రితం ఒక షాపులో మా బండి ఎడమ మడ్‌గార్డు అంచును ప్రైమరు బయటపడేదాకా తోమారు. తోమమని చెప్పినది నేనే. ఆ మచ్చను అట్లే ఉంచి, దానిపై మైనం పూస్తున్నాను.

బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్‌లో రాత్రి బండి నిలిపితే తెల్లవారేసరికి నల్లని బూడిద రాలి ఉండేది. చెరకు పిప్పి బూడిదలో సిలికా హెచ్చు, అనగా సన్నని ఇసుక వంటిది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలే. మామగారు చెంబులకొద్దీ నీళ్లు పోసిన తరువాతే గుడ్డ పట్టేవారు. పిట్టరెట్టకూ అదే విధి: నాననిచ్చి తీయాలి, గీకరాదు.

మన భక్తి మరొకటి. దసరానాడు బానెటుపై బజారు కుంకుమతో స్వస్తికం వేసి దీపావళిదాకా తుడవరు. అందులోని కృత్రిమపు రంగు పాత పెయింటులోకి ఇంకితే వదలదు. అద్దంపై పెట్టండి, లింబాద్రి నరసింహస్వామి కోపగించడు.

ప్లాస్టిక్ ముసుగు వానాకాలంలో తేమను బంధించి తుప్పును పెంచుతుంది. గాలాడే నూలు ముసుగు మేలు. రెక్సిన్ సీట్లకు కొబ్బరినూనె రాసేవారికి ఒక దండం. నూనె ఇంకదు, దుమ్మును పిలుస్తుంది. తడిగుడ్డ, రవ్వంత సబ్బు, నీడ చాలు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో డ్యాష్‌బోర్డును కాపాడేది నీడ ఒక్కటే.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన ఏబది ఏండ్లు దాటి, మూలరూపంలో ఉన్నవాటికే ఆ గౌరవమిచ్చింది. ఆ మూలరూపంలో రంగునూ లెక్కించాలని నా వాదం. కాదనేవారు వ్యాఖ్య రాయండి, జవాబిస్తాను.

సాయంత్రం మేనల్లుని చేతికి బకెట్టు, నూలుగుడ్డ, మైనం డబ్బా ఇచ్చాను.

"గింతేనా మామా?"

"గింతే."