ఎదురు డబ్బులిస్తానన్న కాంట్రాక్టరు

సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ 2020 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ ఇరుకు బజార్లో పిల్లర్లొస్తే దుకాణాలు పోతాయని వ్యాపారులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. నాకు మాత్రం ఆ పిల్లర్లు చూస్తే 2008 నాటి టెండరే గుర్తొస్తుంది.

మామూలుగా మెట్రో కట్టేవాడు ప్రభుత్వాన్ని ఎంతో కొంత సాయం అడుగుతాడు. మేటాస్ కన్సార్షియం మాత్రం మేమే ఎదురు 30,311 కోట్లిస్తామంది. గెలిచింది కూడా! టికెట్ల మీద అంత డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఇదంతా భూముల మీద ఆశేనని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తే, మన సర్కారు ఆయన మీదే పరువునష్టం దావా వేస్తానంది. 2009 జనవరిలో సత్యం గుట్టు రట్టయింది, జులైలో ఈ కాంట్రాక్టూ రద్దయింది.

తర్వాత 2010లో ఎల్ అండ్ టి 1,458 కోట్లు సాయం కావాలని అడిగి మరీ తీసుకుంది, కట్టింది. (వాళ్ళకీ గిట్టలేదనుకోండి. 2025లో ప్రభుత్వానికి అప్పగించేస్తామన్నారు.)

అర్హత అంటే మనవాళ్ళు అనుభవం, టర్నోవరు చూసి టిక్కు పెట్టేస్తారు. 'ఈ రేటు నీకెలా గిట్టుబాటవుతుంది?' అని కాగితం మీద రాయించుకోవాలి. రాయలేనివాడి కవరు పక్కన పెట్టాలి, ఎంత తక్కువకి కోట్ చేసినా సరే. మన ఆఫీసుల్లో వెండర్లని ఎంచుకునేటప్పుడు మాత్రం ఎంతమంది అడుగుతున్నారు?